సూర్యలంక పోతున్నం: సముద్రంల దిగే ముందు ఏం చూసుకోవాలె?

ఓరుగల్లు_రవి
వేసవి సెలవులల్ల మా ఇంటోళ్లం, చిన్నాయన వాళ్లు, అత్తమ్మ వాళ్లు కలిసి రెండు బండ్లల్ల సూర్యలంక పోదామనుకుంటున్నం. బాపట్ల కాడి సముద్రం అది, మా దిక్కు నుంచి ఒక్క రాత్రి ప్రయాణంల అందుతది గదా. చిన్న పిల్లలున్నరు, ముసలోళ్లున్నరు. సముద్రం ఇంతవరకు చూడనోళ్లే ఎక్కువ. చెరువుల, బాయిల ఈత నేర్చినోళ్లు నలుగురున్నరు. వాళ్లకు ధైర్యం ఎక్కువ, నాకు వాళ్లతోనే భయం.

ప్రతి ఎండాకాలం పేపర్ల అదే వార్త. దోస్తులు వచ్చిండ్రు, స్నానానికి దిగిండ్రు, అల గుంజుకపోయింది. అందరు "జాగ్రత్త" అంటరు. జాగ్రత్త అంటే ఏం జెయ్యాలె? ఎక్కడ దిగాలె, ఎంత లోతు దాక పోవాలె, ఏది చూసి వద్దనుకోవాలె? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పుండ్రి.

బీచ్‌రోడ్డు_భారతి
రవి గారూ, మీరు అడిగిన వాటిల్లో "ఎక్కడ" అన్నదే పెద్ద ప్రశ్న. నా జవాబు ఒకటే. మిమ్మల్ని చూస్తూ ఉండటమే పనిగా పెట్టుకున్న మనిషి ఒడ్డున ఉన్న చోటే దిగండి. ఆ మనిషి లేకపోతే చూసి, ఫొటోలు తీసుకుని, మొక్కజొన్న పొత్తు తిని వచ్చేయండి.

మా విశాఖ సంగతి చెప్తాను. రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రంగా, భద్రంగా ఉన్న బీచులకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చింది. ఆ గుర్తింపు కావాలంటే లైఫ్‌గార్డులు, ప్రాణరక్షణ సామాను ఉండాలన్నది షరతు. అక్కడ కూడా హద్దు గీసిన భాగం దాటి పక్కకు వెళ్లి దిగితే ఆ రక్షణ మీకు ఉండదు. ఊరి నుంచి వచ్చే చుట్టాలు మాత్రం "ఇక్కడ జనం ఎక్కువ, యారాడ వెళ్దాం, భీమిలి అవతలికి వెళ్దాం" అంటారు. ఖాళీగా ఉన్న బీచ్ అంటే చూడటానికి ఎంత బాగుంటుందో, ఆపద వస్తే అంత దిక్కులేని చోటు.

ఆర్కే బీచ్ గురించి కూడా. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన హార్బర్ గోడలు కట్టాక దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకొచ్చే ఇసుక ఆగిపోయి, మా తీరం కోతకు గురవుతూ వచ్చింది. పోర్టులో తవ్విన ఇసుకను తెచ్చి పోస్తూ ఉంటారు. అందుకని అడుగు భాగం ఏటికేడు మారిపోతుంది. పోయినేడు మోకాలి లోతు ఉన్న చోట ఈ ఏడు ఏముందో, దిగేవాళ్లకి తెలిసే మార్గం లేదు.

అల_లెక్క
భారతి గారు చెప్పిన దానికి కారణం చేరుస్తాను. నేను చదువుతున్నది సముద్ర శాస్త్రం.

మన తీరంలో స్నానానికి దిగినవాళ్లను లాక్కెళ్లేది చాలాసార్లు అల కాదు, రిప్ కరెంట్. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరంతా మళ్లీ లోపలికి పోవాలి కదా. ఒడ్డుకు కొంచెం అవతల నీటి కింద ఇసుక దిబ్బ ఉంటుంది. ఆ దిబ్బ ఎక్కడ తెగి ఉంటే అక్కడ నీరంతా చేరి, సన్నని పాయలాగా సముద్రంలోకి పరుగెత్తుతుంది. మామూలుగా దాని వేగం సెకనుకు అర మీటరు లోపే. బాగా ముదిరితే రెండున్నర మీటర్ల దాకా పోతుంది. యాభై మీటర్ల ఈతలో ప్రపంచ రికార్డు సుమారు 21 సెకన్లు. అంటే సెకనుకు రెండున్నర మీటర్ల లోపే. లోకంలో అందరికంటే వేగంగా ఈదే మనిషి కూడా అంత ముదిరిన పాయకి ఎదురీది ఒడ్డు చేరలేడు.

ఇక కంటికి ఎలా కనిపిస్తుందంటే, ఇక్కడే మోసపోతాం. రెండు పక్కలా అలలు తెల్లగా విరిగి పడుతుంటాయి. మధ్యలో ఒక చోట అల విరగదు. నీళ్లు ముదురు రంగులో, నిదానంగా ఉన్నట్టు ఉంటాయి. పిల్లలతో వచ్చినవాళ్లు "ఇక్కడ అలలు లేవు, ఇక్కడ ఆడుకోండి" అని సరిగ్గా అక్కడే దింపుతారు. అది లోతు, అది దారి. నురగ, చెత్త, ఇసుక కలిసిన బురద నీరు లోపలి వైపు కదులుతూ కనిపిస్తే ఇంక అనుమానం అక్కర్లేదు. రాళ్ల పక్కన, జెట్టీ పక్కన, కొండ కొస దగ్గర ఈ పాయ దాదాపు ఎప్పుడూ ఉంటుంది. యారాడలో రెండు చివర్లా రాళ్ల దగ్గర దిగొద్దని అందుకే చెప్తారు. ఆటు సమయంలో, అంటే నీరు తగ్గినప్పుడు, పాయ ఇంకా బలంగా ఉంటుంది.

వెళ్లగానే దిగకండి. కాస్త ఎత్తైన చోట నిలబడి పది, పదిహేను నిమిషాలు నీటినే చూడండి. పెద్ద అలలు గుంపుగా వస్తాయి, మధ్యలో తెరిపి ఇస్తాయి. తెరిపిలో వచ్చినవాడికి సముద్రం సాధువుగా ఉందనిపిస్తుంది.

నల్గొండ_ఈతగాడు
ఇంత భయపెట్టాల్నా? నేను చిన్నప్పటి నుంచి కాలువల ఈదినోణ్ని. ఈత రానోళ్లే మునుగుతరు. వచ్చినోళ్లకు ఏం గాదు.

అల_లెక్క
అన్నా, ఈత రావటం మంచిదే, కాదనను. కానీ కాలువలో మీరు అలసిపోతే గట్టు రెండు బారల దూరంలో ఉంటుంది. రిప్‌లో పడినవాడు చేసే మొదటి పని ఒడ్డు కేసి తిరిగి బలమంతా పెట్టి ఈదటం. ఈత వచ్చినవాడే ఆ పని ఎక్కువసేపు చేస్తాడు, ఆయాసంతో మునుగుతాడు. నీటి పాయ మనిషిని కిందికి లాగదు, దూరంగా తీసుకెళ్తుంది అంతే. ముంచేది అలసట, కంగారు.

పడితే చేయాల్సింది ఇది. ఎదురీదొద్దు. వెల్లకిలా తేలండి, ఊపిరి నిలదొక్కుకోండి, చెయ్యి పైకెత్తి పిలవండి. చాలా పాయలు అలలు విరిగే చోటు దాటాక నీరసపడతాయి. కొన్ని గుండ్రంగా తిరిగి మళ్లీ ఒడ్డు వైపే తెస్తాయి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, తెల్లగా అలలు విరిగే చోటికి చేరి, ఆ అలల మీద బయటికి రండి. బ్రిటన్‌లో ఆర్‌ఎన్‌ఎల్‌ఐ అనే సంస్థ జనానికి నేర్పేది కూడా అదే, ముందు తేలు, తర్వాత ఆలోచించు అని.

పూడిమడక_సూరి
మాది పూడిమడక, వేటే బతుకు. ఈ బాబు సెప్పింది నిజం. కెరటం ఇరగని సోట మేం తెప్ప దించుతాం. మనుషులు దిగటానికి కాదు ఆ సోటు, తెప్పకి దారి అది.

ఇంకోటి ఎవరూ సెప్పలేదు, గాలి. ఎండాకాలం పొద్దుట పూట నేల మీద నుంచి సముద్రం మీదికి కొడతాది. పడమర గాలి తోలే రోజుల్లో మజ్జాన్నం దాకా కూడా కొడతాది. ఆ గాలికి సముద్రం నున్నగా కనిపిస్తాది. పిల్లల్ని గాలి ట్యూబు మీద కూసోబెట్టి వదిల్తే సూస్తుండగానే ఎల్లిపోతాది. నీరు లాగక్కర్లేదు, గాలే తోసేస్తాది. తండ్రి ఎనకాల పడి ఈదుతాడు. ట్యూబు మీదున్న పిల్ల బతికి, తండ్రి పోయిన ఇల్లు నాకు తెలుసు. ఆ రంగు రంగుల ట్యూబులు సెరువుకీ వద్దు, సముద్రానికీ వద్దు.

అమావాస్య, పున్నం రోజుల్లో పోటూ ఆటూ రెండూ ఎక్కువే. మీకు పొద్దుట నిలబడ్డ సోటు సాయంత్రానికి వేరే సోటు.

ఓరుగల్లు_రవి
సూరన్నా, మా పిల్లలకు ట్యూబులు కొని బండిల పెట్టిన్రు ఇప్పటికే. తీసేయిస్త.

ఇంకో సంగతి. ఆడోళ్లు చీరలతోటి, చున్నీలతోటి దిగుతరు. పొద్దుమూకినంక దిగితే చల్లగ ఉంటదని మా బామ్మర్ది అంటుండు.

బీచ్‌రోడ్డు_భారతి
పొద్దుగూకాక అసలే వద్దు. లైఫ్‌గార్డు ఉన్న చోట కూడా సాయంత్రంతో ఆయన డ్యూటీ అయిపోతుంది. చీకట్లో తల ఎక్కడుందో ఒడ్డు మీద వాళ్లకి కనిపించదు. చీర, జీన్స్ ప్యాంటు తడిస్తే కాళ్లు కదలనివ్వవు. చున్నీ మెడకీ చేతులకీ చుట్టుకుంటుంది. చుడీదార్ వేసుకుని చున్నీ ఒడ్డునే వదిలేసి, చీలమండలు తడిసేంత వరకే నిలబడమనండి. సముద్రానికి వీపు పెట్టి ఫొటోకి నిలబడొద్దు. నడుం లోతులో వెనక నుంచి వచ్చే కెరటం పెద్దవాళ్లని కూడా బోర్లా పడేస్తుంది. తెన్నేటి పార్కు కింద రాళ్ల మీద నాచు ఉంటుంది. అక్కడ జారి పడ్డవాళ్లని తీయటం ఇసుకలో తీసినంత సులువు కాదు.

మందు తాగి దిగటం గురించి వేరే చెప్పాలా? తాగినవాడిని ఒడ్డున కూర్చోబెట్టడానికి బండికొక మనిషిని ముందే అనుకోండి. అక్కడికి వెళ్లాక ఎవరూ వినరు.

గోల్డ్‌కోస్ట్_గౌతమి
ఆస్ట్రేలియా నుంచి రాస్తున్నాను. ఇక్కడి బీచుల్లో ఎరుపు, పసుపు సగం సగం ఉన్న రెండు జెండాలు పాతుతారు. ఆ రెండింటి మధ్యే స్నానం. పొద్దున్నే లైఫ్‌గార్డు వచ్చి ఆ రోజు నీళ్లు చూసి, ఎక్కడ మేలో అక్కడ పాతుతారు. నిన్నటి చోటే ఇవాళ ఉండాలని లేదు. ఎర్ర జెండా ఒక్కటే ఉంటే దిగకూడదు.

ఇంత పద్ధతి ఊరికే రాలేదు. 1938 ఫిబ్రవరి 6న సిడ్నీ బాండై బీచ్‌లో వరసగా వచ్చిన పెద్ద అలల వెనక నీళ్లు వెనక్కి లాగి, కొన్ని వందల మందిని ఒక్కసారిగా లోపలికి తీసుకెళ్లాయి. ఆ రోజు ఒడ్డున స్వచ్ఛంద రక్షకులు పదుల సంఖ్యలో ఉన్నారు. చనిపోయింది ఐదుగురు. అక్కడ ఎవరూ లేకపోయి ఉంటే ఎంతమంది పోయేవారో ఆలోచించండి.

మన తెలుగు పిల్లలు చదువుకని వచ్చిన కొత్తలో, సెమిస్టర్ మొదలవకముందే, జెండాలు లేని బీచ్‌కి, జలపాతాల దగ్గరికి వెళ్లి ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. ఆ శవాలను ఇంటికి పంపడానికి చందాలు వేసుకున్న గ్రూపుల్లో నేనూ ఉన్నాను. విమానం ఎక్కే ముందు వీసా, బ్యాంకు సంగతులు ఎంత చెప్తామో, ఈ జెండాల సంగతి కూడా అంతే గట్టిగా చెప్పి పంపండి.

తీర్థయాత్రల_శర్మ
పూరీ వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. స్వర్గద్వారం దగ్గర తెల్లటి మొనదేలిన టోపీలు పెట్టుకుని, గాలి నింపిన ట్యూబులతో ఒడ్డున నిలబడే మనుషులు. నులియాలు అంటారు వాళ్లని. వాళ్లలో చాలామంది మన తెలుగు మత్స్యకారులే, వాడబలిజలు. తరాల కిందట ఆంధ్ర తీరం నుంచి వెళ్లి పెంటకోట బస్తీలో స్థిరపడ్డారు. యాత్రికుడి చెయ్యి పట్టుకుని కెరటంలోకి తీసుకెళ్తారు, కెరటం వచ్చేటప్పుడు ఎటు తిరగాలో చెప్తారు, స్నానం అయ్యాక ఇసుక మీద నిలబెట్టి వదులుతారు. డబ్బు తీసుకుంటారు, తీసుకోవాలి కూడా. తెలుగులో పలకరిస్తే ఎంత సంతోషిస్తారో.

పక్క రాష్ట్రపు యాత్రా స్థలంలో మనవాళ్లు చేస్తున్న ఈ పని, మన హంసలదీవిలో, అంతర్వేదిలో ఎందుకు లేదు? మాఘ మాసంలో సాగర సంగమ స్నానాలకి ఎన్ని వేల మంది వస్తారు! నదీ ముఖద్వారం దగ్గర నీటి పోకడ మామూలు బీచ్ కంటే అడ్డదిడ్డంగా ఉంటుంది. నది తోపు, సముద్రపు ఆటు ఒకే వైపు కలిసిన వేళ అక్కడ నిలదొక్కుకోవటం కష్టం. ఒడ్డున నిలబడి తల మీద నీళ్లు చల్లుకున్నా స్నానఫలం తగ్గదని పెద్దవాళ్లకి నేను చెప్తూనే ఉంటాను.

బాపట్ల_కృష్ణ
మాది సూర్యలంకకు దగ్గరే, అక్కడ చిన్న టిఫిన్ బండి ఉంది మాకు. రవి గారూ రండి, కానీ శని, ఆదివారాలు కాకుండా రండి. కార్తీక మాసంలోనూ, వేసవి ఆదివారాల్లోనూ జనం ఇసుక కనపడనంతగా ఉంటారు. ఎంత మంచి గస్తీ ఉన్నా అన్ని తలలు లెక్కపెట్టలేరు.

ప్రమాదం జరగ్గానే బీచ్ మూసేస్తారు. నాలుగు రోజులు ఎవరినీ రానివ్వరు. మా బండ్లు, కొబ్బరి బొండాల వాళ్లు, ఆటోలు అన్నీ ఆగిపోతాయి. జనం ఊరుకుంటారా? రామాపురం పోతారు, వాడరేవు పోతారు, దారి లేని చోట తోటల్లోంచి దిగుతారు. కాపలా ఉన్న చోటు మూసేసి, కాపలా లేని చోటికి పంపినట్టు అవుతోంది. ఈ మధ్య ఒక రిసార్టు వాళ్లని "మీ ముందున్న ఒడ్డున ఒక మనిషిని పెట్టండి, తాడూ, ట్యూబూ వేలాడదీయండి" అని అడిగాను. సముద్రం మా బాధ్యత కాదన్నారు. గది అద్దెకిచ్చేటప్పుడు సముద్రం ఫొటో చూపించే కదా ఇస్తారు!

నల్గొండ_ఈతగాడు
మూసేయటమే మంచిదేమో కృష్ణన్నా. ప్రాణం కంటే వ్యాపారం ఎక్కువ కాదు గదా.

బాపట్ల_కృష్ణ
ప్రాణం కోసమే చెప్తున్నా తమ్ముడూ. తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు, అలలు పెద్దవిగా ఉన్నప్పుడు మూయాలి, ఆ రోజు మా బండ్లు ముందే తీసేస్తాం. మిగతా రోజుల్లో తాడు కట్టి, జెండాలు పాతి, మనిషిని కూర్చోబెట్టాలి.

గోవాలో 2008 నుంచి ఒక సంస్థకి అప్పగించి బీచుల్లో లైఫ్‌గార్డులను పెట్టారు. జెండాలు, టవర్లు, జీపులు అన్నీ ఉన్నాయి. వాళ్లు వందల మందిని బయటికి లాగుతున్నారు. మన దగ్గర గజ ఈతగాళ్లని ఎప్పుడు పిలుస్తున్నాం? మనిషి కనిపించకుండా పోయాక, శవం కోసం. ఆ మనుషులే, అదే ఈత. రెండు గంటల ముందు ఒడ్డున కూర్చోబెడితే సరిపోయేది.

పూడిమడక_సూరి
కృష్ణ అన్న మాటకి నాదొకటి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మాకు వేట నిషేధం. ఇంజను బోటు కదలదు. మా ఊళ్లలో కుర్రోళ్లంతా ఒడ్డునే ఉంటారు, పని లేకుండా. మీరంతా పిల్లల్ని తీసుకుని సముద్రానికొచ్చేది కూడా సరిగ్గా ఆ రెండు నెలలే. ఈళ్లకి తర్ఫీదిచ్చి, కూలి కట్టి, బీచుల మీద పెడితే రెండు పక్కలా పనవుతాది. సముద్రం మాకు కొత్త కాదు. కానీ మునిగినోణ్ని ఎలా పట్టుకోవాల, గుండె ఎలా నొక్కాల అనేది నేర్పాల. అది మాకు రాదు.

అల_లెక్క
సూరన్న చెప్పింది జరగని పని కాదు. ఇదే బంగాళాఖాతం ఒడ్డున బంగ్లాదేశ్ కాక్స్ బజార్‌లో, ఆర్‌ఎన్‌ఎల్‌ఐ సహకారంతో స్థానిక యువకులకే శిక్షణ ఇచ్చి లైఫ్‌గార్డులుగా నిలబెట్టారు.

రవి గారికి ఇంకొకటి. మీ హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ ఉంది. సముద్రం లేని ఊళ్లో కూర్చుని దేశం మొత్తం తీరానికి అలల ఎత్తు, ఉప్పెన, సునామీ హెచ్చరికలు ఇస్తుంది. బయలుదేరే ముందు రోజు వాళ్ల సైటులో బాపట్ల జిల్లాకి అలల హెచ్చరిక ఉందేమో చూడండి. ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టిన పొడవాటి అలలు రోజుల తర్వాత మన ఒడ్డుకి చేరతాయి. ఎండ బాగా కాస్తోంది కదా అని సముద్రం బాగుందనుకోకూడదు.

ఐసీయూ_సుజాత
ఆసుపత్రి వైపు నుంచి కొన్ని మాటలు. ఇవి మీ బండ్లలో వచ్చే ప్రతి పెద్దమనిషికీ చదివి వినిపించండి.

మునిగిపోయేవాళ్లు కేకలు వేయరు. ఊపిరే అందనప్పుడు కేక ఎక్కడిది? తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టం దగ్గర తేలుతూ మునుగుతూ ఉంటుంది. చేతులు ఊపరు, నీటిని పక్కలకి నొక్కుతుంటారు. దూరం నుంచి చూస్తే ఆడుకుంటున్నట్టే ఉంటుంది. ఒక నిమిషం కూడా పట్టదు. అందుకే పిల్లలు మీ చెయ్యి చాచితే అందేంత దూరంలోనే ఉండాలి. "అందరం చూస్తున్నాం" అంటే ఎవరూ చూడట్లేదని అర్థం. ఇద్దరు పిల్లలకి ఒక పెద్ద, పేరు పెట్టి అప్పగించండి. ఆ పూట ఆ పెద్ద చేతిలో ఫోను ఉండకూడదు.

ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంటనే దూకొద్దు. ఒకరి కోసం ముగ్గురు పోయిన కేసులు మేం చూస్తూనే ఉన్నాం, ముగ్గురూ అన్నదమ్ములే అయిన కేసులు కూడా. తేలేది ఏదైనా విసరండి: మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను, థర్మాకోల్ పెట్టె, తాడు. ఒకరు మునిగే మనిషి మీద నుంచి కన్ను తీయకుండా వేలు చూపిస్తూ నిలబడాలి. ఇంకొకరు 112కి, 108కి ఫోన్ చేయాలి. సముద్రంలో దూరం వెళ్లిపోతే కోస్ట్‌గార్డ్ నంబరు 1554.

బయటికి తీశాక పొట్ట నొక్కకండి, తలకిందులుగా పట్టుకోకండి, భుజాన వేసుకుని గిరగిరా తిప్పకండి. నీళ్లు కక్కించే ప్రయత్నంలో ప్రాణం నిలిపే నిమిషాలు పోతాయి. పిలిచినా పలక్క, ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ముందు ఊపిరి ఇవ్వండి. యూరప్ పద్ధతిలో మొదట ఐదు సార్లు, అమెరికా పద్ధతిలో రెండు సార్లు. ఏదైనా సరే, మునిగినవాళ్లకి గాలే మొదటి మందు. తర్వాత ఛాతీ మధ్యలో రెండు చేతులతో పెద్దవాళ్లకి ఐదారు సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో 30 నొక్కులు, మళ్లీ రెండు ఊపిర్లు. అంబులెన్సు వచ్చేదాకా ఆపొద్దు.

లేచి కూర్చుని "నాకేం కాలేదు" అన్నా, నీళ్లు మింగి దగ్గుతున్నవాళ్లని ఆసుపత్రికి తీసుకెళ్లండి. కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తులు మొరాయించవచ్చు.

వేదిక_నిర్వాహకులు
సుజాత గారి పోస్టును పైన అతికించాం. మృతుల ఫొటోలు, వీడియోలు ఎవరూ ఇక్కడ పెట్టవద్దని మనవి. రెండు తొలగించాం.

ఓరుగల్లు_రవి
అందరికి దండాలు. సుజాతక్క రాసింది ఇంట్ల టీవీకి కలిపి అందరికి చదివిపిచ్చిన. మా బామ్మర్ది కూడ ఒక్క ముచ్చట మాట్లాడలే. ఆదివారం కాదు, మంగళవారం పోతున్నం. ఇద్దరిద్దరు పిల్లలకు ఒక్కొక్క పెద్ద అని పేర్లు రాసుకున్నం. ఒక పొడుగు నైలాన్ తాడు, రెండు ఖాళీ క్యాన్లు బండిల పెడుతున్న.

ఒక్కటే అనుమానం మిగిలింది. ట్యూబులు తీసేసినం గదా, పిల్లలకు లైఫ్ జాకెట్ కొనాల్నా? చేతులకు తొడిగే గాలి బుడగలు నడుస్తయా?

గోల్డ్‌కోస్ట్_గౌతమి
చేతి బుడగలు వద్దు అన్నా, అవి ఆటవస్తువులు. అల తగిలితే జారిపోతాయి, చిన్న చిల్లు పడితే గాలి పోతుంది. లైఫ్ జాకెట్ కొంటే పిల్లల బరువుకి తగ్గది, లోపల గట్టి నురగ ఉన్నది, కాళ్ల మధ్య నుంచి పట్టీ ఉన్నది కొనండి. బకిల్స్ అన్నీ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకెత్తి చూడండి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా లేస్తే అది ఆ పిల్లకి పెద్దది, నీళ్లలో తల మీంచి జారిపోతుంది. బాగా కనిపించే నారింజ రంగో, మెరిసే పసుపో తీసుకోండి, నీలం వద్దు. జాకెట్ వేశాక కూడా పిల్ల మీ చేతికి అందే దూరంలోనే.

బాపట్ల_కృష్ణ
మంగళవారం రాగానే నా బండి దగ్గర ఆగండి రవి గారూ. తాడు, క్యాన్లు చేతికందేలా నా గొడుగు కింద పెట్టుకుందాం. ఆ రోజు మెరైన్ పోలీసులు ఏ వైపు దిగనిస్తున్నారో, ఏ వైపు వద్దంటున్నారో అడిగి చెప్తాను. ఇడ్లీ పొద్దున ఏడింటికల్లా రెడీ.